సైనిక్‌పురిలో వలసవచ్చినవాళ్ళెందరు?

హైదరాబాదు సైనిక్‌పురిలో ఏదో ఒక వీధిని ఊహించుకోండి. ఒక ఇంట్లో పదవీ విరమణ చేసిన సుబేదారు ఉంటాడు. పుట్టింది గఢ్వాల్ కొండల్లో, కొలువు చేసింది ఐదారు కంటోన్మెంట్లలో, ఇల్లు కట్టుకుంది ఇక్కడ. పక్కింటి కోడలు గుంటూరు నుంచి పెళ్ళయి వచ్చింది. ఎదురుగా లేస్తున్న అపార్ట్‌మెంటుకి సెంట్రింగ్ కొడుతున్నవాళ్ళు ఒడిశా వాళ్ళు, మట్టిపని చేస్తున్నవాళ్ళు పాలమూరు వాళ్ళు. మూలమీది పెద్ద ఇంట్లో ముసలి దంపతులిద్దరే ఉంటారు, పిల్లలిద్దరూ డాలస్‌లో. నేరేడ్‌మెట్‌లో ఆసుపత్రిలో పుట్టి, ఈ వీధిలోనే పెరిగి, ఏఎస్ రావు నగర్‌లో కొట్టు నడుపుతున్న కుర్రాడూ ఉంటాడు.

వీళ్ళలో వలసవాళ్ళెవరని అడిగితే చాలామంది వేలు చూపించేది సెంట్రింగ్ వాళ్ళవైపూ మట్టిపని వాళ్ళవైపూ. జనగణన చూపించేది వేరు. సుబేదారు వలసదారు. గుంటూరు కోడలు వలసదారు. పనివాళ్ళు లెక్కలోకి రావచ్చు, రాకపోవచ్చు. ఎన్యూమరేటరు తిరిగిన రోజుల్లో ఎక్కడున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. డాలస్ పిల్లలు అసలు ఎక్కడా కనపడరు, దేశం దాటి వెళ్ళినవాళ్ళ సంగతి మన జనగణన అడగదు కాబట్టి. అంటే మనం వలస అనుకునేది పట్టికలో జారిపోతోంది, అనుకోనిది పట్టికను నింపేస్తోంది.

దీనివల్ల మనుషులకు కష్టం కలుగుతుంది. 2020 మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు సుమారు 1,200 మందితో బయల్దేరింది. హైదరాబాదు చుట్టుపక్కల ఇంకా ఎంతమంది వెళ్ళడానికి ఎదురుచూస్తున్నారో కచ్చితంగా చెప్పగల పట్టిక ఆ రోజు ఎవరి దగ్గరా లేదు. ఎన్ని రైళ్ళు కావాలో, ఎన్ని అన్నం పొట్లాలు కావాలో అంచనాతోనే నడిచింది. వలసను కొలవడం ఎందుకంత కష్టమో, ఆ కొలతకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో, మన పిల్లలు ఆ పనిలోకి ఎలా వెళ్ళవచ్చో చూద్దాం.

మట్టం తెలుస్తుంది, రాకపోకలు తెలియవు

కాప్రా చెరువు కట్టమీద నిలబడితే నీటిమట్టం చూడవచ్చు. నిరుటికంటే రెండడుగులు పెరిగిందని చెప్పవచ్చు. ఆ రెండడుగులు ఎలా వచ్చాయో మాత్రం మట్టం చెప్పదు. వాన ఎంత పడిందో, ఎండకు ఎంత ఆవిరైందో, వాగులోంచి ఎంత వచ్చిందో, తూములోంచి ఎంత పోయిందో నాలుగూ విడివిడిగా కొలవాలి. పదడుగులు వచ్చి ఎనిమిదడుగులు పోయినా మట్టం అంతే, రెండడుగులు వచ్చి ఏమీ పోకపోయినా అంతే.

ఊరి జనాభా కూడా ఈ నాలుగింటి ఫలితమే: పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, వచ్చినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు. పుట్టుకకూ చావుకూ మునిసిపాలిటీలో రిజిస్టరు ఉంది. రావడానికీ వెళ్ళడానికీ లేదు. కొన్ని ఐరోపా దేశాల్లో ఇల్లు మారితే స్థానిక కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. మనకు ఆ పద్ధతి లేదు. అందుకని జనాభా శాస్త్రజ్ఞులు తరచు వెనకనుంచి లెక్క కడతారు. రెండు జనగణనల మధ్య పెరిగిన జనాభాలోంచి పుట్టుకల, మరణాల తేడా తీసేస్తే మిగిలింది వలస అంటారు. పుట్టుకల రిజిస్టరులో ఎన్ని తప్పులున్నాయో, మరణాల రిజిస్టరులో ఎన్ని ఖాళీలున్నాయో అన్నీ ఆ మిగిలినదాంట్లోకే వచ్చి పడతాయి. వచ్చినవాళ్ళెందరో వెళ్ళినవాళ్ళెందరో అప్పటికీ తెలియదు, తేడా ఒక్కటే తెలుస్తుంది.

మన రెండు రాష్ట్రాలకు ఇది మునుపటికంటే ఇప్పుడు ముఖ్యం. తరం తరానికీ జనాభా నిలకడగా ఉండాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆ సగటు 1.7, తెలంగాణలో 1.8. పుట్టుకలు తగ్గాక ఏ ఊరు పెరుగుతుందో, ఏ ఊరి బడి మూతపడుతుందో తేల్చేది చాలావరకు రాకపోకలే. సరిగ్గా ఆ రాకపోకలకే మన దగ్గర రిజిస్టరు లేదు.

ఒక్క ప్రశ్నకు చిక్కేది ఒక్క మజిలీ

జనగణన వలస గురించి అడిగే ప్రశ్నలు కొద్దే. ఎక్కడ పుట్టారు, ఇక్కడికి రాకముందు ఎక్కడుండేవారు, ఎందుకు వచ్చారు, వచ్చి ఎన్నేళ్ళయింది. సుబేదారు సంగతే తీసుకుంటే, పుట్టిన చోటు గఢ్వాల్ అని రాస్తారు. చివరి మకాం జోధ్‌పూర్ అనుకుందాం, అదీ రాస్తారు. మధ్యలోని పుణె, అంబాలా, తేజ్‌పూర్ పట్టికలో ఉండవు. ఎన్ని ఊళ్ళు తిరిగినా కాగితంమీద మిగిలేది ఒక్క మజిలీ. కొలువులో ఉన్న సైనికులదైతే ఇంకో పద్ధతి: పూర్తిగా సైన్యం ఆధీనంలో ఉన్న ప్రాంతాలను జనగణనలో ప్రత్యేక చార్జీలుగా విడదీసి లెక్కిస్తారు.

ఇంత కొద్ది ప్రశ్నలతోనే 2011లో తేలిన లెక్క చూడండి. దేశంలో వలసదారులు 45 కోట్ల పైమాటే, అంటే ప్రతి వందమందిలో 37 మందికి పైగా. వాళ్ళలో మూడింట రెండొంతులు స్త్రీలు. కారణం దగ్గర పెళ్ళి అని రాయించినవాళ్ళు మొత్తంలో సగానికి కొంచెం తక్కువ, పని కోసం అన్నవాళ్ళు పదోవంతు. రాష్ట్రం దాటి వచ్చినవాళ్ళు సుమారు 5.4 కోట్లే, ఎక్కువమంది కదిలింది జిల్లా లోపలే. బ్రిటన్ 1881 జనగణన పట్టికలు ముందేసుకుని ఈ.జి. రావెన్‌స్టైన్ 1885లో దాదాపు ఇదే చెప్పాడు. జనం ఎక్కువగా కదిలేది దగ్గరికే, ఆ దగ్గరి కదలికల్లో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ అని. వలస అనగానే మనకు రైలెక్కే మగమనిషి గుర్తొస్తాడు. పట్టికలో ఎక్కువగా ఉన్నది పక్క మండలానికి కాపురానికి వెళ్ళిన అమ్మాయి. కారణం పెళ్ళి అని ఒక్క గడిలో టిక్కు పెట్టాక, ఆమె అక్కడ చేసిన కూలిపని గానీ వదులుకున్న చదువు గానీ ఇక వలస లెక్కలోకి రాదు.

━━━━━━━━━━
కొలబద్ద మారితే లెక్క మారుతుంది

ఒక ఊళ్ళో ఆరునెలలుంటే ఆ ఊరివాడే అన్నది సర్వేల్లో మామూలు నియమం. మరి పంట కోతలయ్యాక బయల్దేరి, తొలకరికి తిరిగివచ్చే కూలీల మాటేమిటి? జాతీయ నమూనా సర్వే వీళ్ళకోసం వేరే ప్రశ్న పెట్టింది. గడిచిన ఏడాదిలో పని కోసం నెలకు తగ్గకుండా, ఆరునెలలు నిండకుండా బయట ఉన్నారా అని 2007–08లో అడిగితే దేశంలో సుమారు 1.36 కోట్లమంది తేలారు. అంతకుముందు 1999–2000లో అడిగినప్పుడు కనీస గడువు నెల కాదు, రెండు నెలలు. అందుకే ఈ రెండు సర్వేల అంకెలను పక్కపక్కన పెట్టి వలస పెరిగిందనో తగ్గిందనో అనేయడానికి లేదు.

2016–17 ఆర్థిక సర్వే ఇంకో దారిన వెళ్ళింది. రిజర్వేషన్ లేని రైలు టికెట్ల రాకపోకల్లో తేడాలు చూసి, 2011–16 మధ్య ఏటా సుమారు 90 లక్షలమంది రాష్ట్రాలు దాటి కదిలారని అంచనా కట్టింది. టికెట్టుకి మనిషి పేరూ తెలియదు, కారణమూ తెలియదు. కాకపోతే పదేళ్ళు ఆగనక్కర్లేదు.

ఇంకోటి ఉంది. 2014 ఆగస్టు 19న తెలంగాణ ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసింది. ఆ లెక్కలో పేరు ఉండాలని జనం హైదరాబాదునుంచి బస్సులూ రైళ్ళూ కిక్కిరిసి సొంతూళ్ళకు వెళ్ళారు. కొలవడానికి పోతే కొలిచే వస్తువే కదిలింది.
━━━━━━━━━━

అన్న పట్నంలో, తమ్ముడు ఊళ్ళో

ఎంతమంది కదిలారన్నది మొదటి ప్రశ్న. కదిలితే మనిషికి ఏమవుతుందన్నది రెండోది, ఇంకా కష్టమైనది. పట్నంలో మధుమేహం ఎక్కువ, పల్లెలో తక్కువ అని అందరికీ తెలుసు. పట్నం రావడంవల్లే వచ్చిందా అంటే చెప్పడం కష్టం. పట్నం వచ్చేవాడు ఊళ్ళో ఉండిపోయినవాడిలాంటివాడు కాకపోవచ్చు. వాడికి చదువు ఎక్కువ ఉండవచ్చు, వాళ్ళ ఇంట్లో చిన్నప్పటి తిండి మెరుగ్గా ఉండి ఉండవచ్చు. అలాంటప్పుడు పట్నంలో ఉన్న వందమందినీ పల్లెలో ఉన్న వందమందినీ పోలిస్తే, మనం కొలిచేది వలస ప్రభావమో, వలస వెళ్ళే మనుషుల స్వభావమో తేలదు.

ఈ చిక్కును విడదీయడానికి 2005–07 మధ్య ఒక చక్కటి ఉపాయం చేశారు. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరుల్లోని నాలుగు ఫ్యాక్టరీల్లో, పల్లెలనుంచి వచ్చిన కార్మికుల్నీ వాళ్ళ జీవిత భాగస్వాముల్నీ పట్టుకుని, ఇంకా ఊళ్ళోనే ఉన్న మీ తోబుట్టువు ఒకరిని పిలిపించండి అన్నారు. అన్నదమ్ములు ఒకే ఇంట్లో, ఒకే కుండలో వండింది తిని పెరిగారు, రక్తం ఒకటే. మారింది ఊరు. ఇంగ్లండులోని వెల్‌కమ్ ట్రస్ట్ డబ్బుతో జరిగిన ఈ ఇండియన్ మైగ్రేషన్ స్టడీలో ఆరువేలకు పైగా మనుషుల బరువు, రక్తపోటు, రక్తంలో చక్కెర కొలిచారు.

2010లో ఫలితాలు అచ్చయ్యాయి. మగవాళ్ళలో ఊబకాయం పల్లెలో ఉండిపోయిన తోబుట్టువులకు 19 శాతం, వలసవచ్చినవాళ్ళకు 37.8 శాతం, పట్నంలోనే పుట్టి పెరిగినవాళ్ళకు 41.9 శాతం. మధుమేహం పల్లెలో 6.2 శాతం ఉంటే, వలసవచ్చినవాళ్ళలో 14.3 శాతం. తరవాతి విశ్లేషణలో ఇంకో సంగతి బయటపడింది. ఒంట్లో కొవ్వు పట్నం వచ్చిన తొలి పదేళ్ళలోనే వేగంగా పెరుగుతుంది. రక్తపోటులాంటివి ఆ తరవాత మెల్లగా, ఏళ్ళ తరబడి పెరుగుతాయి. పాతికేళ్ళవాడు పనికోసం నగరానికి వచ్చిన తొలి సంవత్సరాల్లోనే అతని ఆరోగ్యాన్ని పట్టించుకోవాలని ఈ పరిశోధన చెబుతోంది. నలభై దాటాక క్యాంపు పెట్టి చక్కెర పరీక్ష చేస్తే అప్పటికే ఆలస్యం.

డోకూర్ లెక్కల పుస్తకం

హైదరాబాదు శివారులోని పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ వచ్చింది. మెట్ట పంటల పరిశోధన దాని పని. పంట సంగతి తెలియాలంటే పండించేవాళ్ళ సంగతి తెలియాలని 1975లో ఆరు ఊళ్ళు ఎంచుకున్నారు. అందులో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి, ఔరేపల్లి, డోకూర్. ఊరికి నలభై ఇళ్ళు. లెక్కలు రాసే మనిషి ఆ ఊళ్ళోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళి ఏం తిన్నారు, ఏం అమ్మారు, ఎవరు ఎక్కడికి కూలికి వెళ్ళారు, ఎవరు అప్పిచ్చారు అన్నీ రాసుకునేవాడు. కొన్ని ఊళ్ళలో ఇలా పదేళ్ళు.

ఆ కాగితాలు ప్రపంచంలో ఎందరో ఆర్థికవేత్తల చేతుల్లో పడ్డాయి. మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో వాటినుంచి తేల్చిన విషయం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. వానమీద ఆధారపడిన, ఆదాయం ఏటికేడు ఊగిసలాడే కుటుంబాలు కూతుళ్ళను దూరపు ఊళ్ళకు ఇస్తున్నాయి. ఇక్కడ కరువొస్తే ఆ దూరపు ఊళ్ళోనూ అదే ఏడు కరువు రావాలని లేదు. వియ్యంకులనుంచి సాయం వస్తుంది. దూరపు సంబంధాలు ఎక్కువున్న ఇళ్ళలో, పంట పోయిన ఏడు కూడా తిండి అంతగా తగ్గలేదు. జనగణనలో పెళ్ళి అనే ఒక్క గడిలో ఇమిడిపోయిన వలస, నిజానికి కరువుకు ముందే వేసుకున్న రక్ష కూడా. ఆ రక్ష బరువు మోసింది పుట్టిల్లు వదిలి అంతదూరం వెళ్ళిన ఆడపిల్ల.

ఒకే ఇంటిని పదేళ్ళు చూడకపోతే ఈ సంగతి తెలిసేది కాదు. మంచి పంట ఏడూ చెడ్డ పంట ఏడూ రెండూ ఒకే పుస్తకంలో ఉండాలి.

నిధుల గడువు, ప్రశ్న గడువు

ఇక్కడే డబ్బు సంగతి వస్తుంది. చాలా పరిశోధన ప్రాజెక్టులకు గడువు ఏడాది, రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు. వలస ప్రశ్నకు పదేళ్ళు పడుతుంది. ఇక్రిశాట్ గ్రామ సర్వే 1980ల నడుమ ఆగిపోయి, 2001లో మళ్ళీ మొదలై, 2009 తరవాత గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో విస్తరించింది. నడుమ ఖాళీగా పోయిన ఏళ్ళను ఎవరూ తిరిగి తేలేరు.

మన నేలమీద ఎక్కువకాలం నిలిచిన ఇంకో పని యంగ్ లైవ్స్ అనే అధ్యయనం. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడువేలమంది పిల్లలతో మొదలైంది. అనంతపురం, కడప, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలు, హైదరాబాదు. నడిపేది ఆక్స్‌ఫర్డ్, ఖర్చు బ్రిటిష్ ప్రభుత్వ సాయనిధిది, ఇక్కడి భాగస్వామి బేగంపేటలోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం, సెస్. అప్పటి ఏడాది పిల్లలు ఇప్పుడు ఇరవై దాటినవాళ్ళు. చదువుకో పెళ్ళికో పనికో ఊరు మారినవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి మరీ ప్రశ్నలడిగారు. ఈ వెతకడమే అన్నిటికంటే ఖరీదైన పని. వెతక్కుండా వదిలేస్తే జాబితాలో మిగిలేది కదలనివాళ్ళు మాత్రమే, వలస గురించి అడగాల్సినవాళ్ళే మాయమవుతారు. నిధులిచ్చేవాళ్ళు మొదట కోతపెట్టేది మాత్రం తరచుగా ఈ ప్రయాణ ఖర్చుకే.

విదేశీ డబ్బుకు ఇంకో గండముంది. 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వం తన విదేశీ సాయాన్ని ఆపేసినప్పుడు, ఎన్నో దేశాల జనాభా ఆరోగ్య సర్వేలకు ఆధారమైన డీహెచ్ఎస్ కార్యక్రమం ఆగిపోయింది. కేరళ ఈ విషయంలో ముందుచూపు చూపింది. తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం, సీడీఎస్‌లో కె.సి. జకరియా, ఎస్. ఇరుదయ రాజన్ 1998లో మొదలుపెట్టిన కేరళ వలస సర్వే తొలుత డచ్చి సహకారంతో నడిచింది, తరవాత ప్రవాసుల వ్యవహారాల శాఖ ద్వారా రాష్ట్రమే భరించింది. 2023 దాకా కొన్నేళ్ళకొకసారి మళ్ళీ మళ్ళీ చేశారు. గల్ఫ్‌నుంచి ఎంత డబ్బు వస్తోంది, ఎవరు తిరిగొస్తున్నారు అన్నది అక్కడ అంకెలతో మాట్లాడగలరు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలనుంచి దశాబ్దాలుగా గల్ఫ్‌కు వెళ్తున్నా మనకు అలాంటి వరుస సర్వే లేదు. ఉండి తీరాలి.

విద్యార్థి ఎటు వెళ్ళాలి

ఈ రంగంలోకి రావాలనుకునే డిగ్రీ విద్యార్థికి, అది సైనిక్‌పురి భవన్స్ కాలేజీ అయినా కడప కాలేజీ అయినా, మొదట తెలియాల్సింది ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ, ఐఐపీఎస్. టాటా ట్రస్టు, భారత ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి కలిసి 1956లో పెట్టింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు నడిపేది అదే. ఆర్ట్స్, సైన్స్ విద్యార్థులిద్దరికీ అక్కడ పీజీ కోర్సులున్నాయి. ఇంటికి దగ్గరగా అంటే తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జనాభా అధ్యయన శాఖ ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ జనాభా పరిశోధన కేంద్రాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ పోషిస్తోంది. విదేశాలకు వెళ్ళిన తెలుగువాళ్ళ గురించి పనిచేయాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 1996లో వచ్చిన ప్రవాస భారతీయ అధ్యయన కేంద్రం ఉంది.

డబ్బు మూడు రకాలుగా వస్తుంది, మూడింటినీ కలిపేసుకోకూడదు. మొదటిది మనిషికిచ్చేది. యూజీసీ నెట్ రాయడానికి జనాభా అధ్యయనాలు ఒక సబ్జెక్టుగానే ఉంది. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, జేఆర్ఎఫ్, వస్తే 2023 జనవరినుంచి నెలకు 37,000 రూపాయలు, తరవాత సీనియర్ దశలో 42,000. భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, ఐసీఎస్ఎస్ఆర్, కూడా డాక్టరల్, పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్‌లు ఇస్తుంది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ఆవరణలోనే ఉంది. రెండోది పనికిచ్చేది, అంటే ప్రాజెక్టు గ్రాంటు. ఇది ఉద్యోగంలో ఉన్న అధ్యాపకుల పేరుమీద వస్తుంది. విద్యార్థికి అందులో పరిశోధక సహాయకుడిగా చోటుంటుంది. సర్వే ఎలా నడుస్తుందో నేర్చుకోవడానికి దీన్ని మించిన బడి లేదు. మూడోది ఆరోగ్యంవైపునుంచి వచ్చేది. డీబీటీ–వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ ప్రజారోగ్య పరిశోధకులకు ఫెలోషిప్‌లు ఇస్తుంది, దాని కార్యాలయం హైదరాబాదులోనే. ఇలాంటి పనికి ఒక ఉదాహరణ: తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987–90 నాటి పోషకాహార ప్రయోగంలోని 29 పల్లెల పిల్లల్ని పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ వెతికి పట్టుకుని కొలిచింది. ఏపీక్యాప్స్ అంటారు దాన్ని. విదేశీ నిధితో ఆరోగ్య పరిశోధన చేయాలంటే ఐసీఎంఆర్ ద్వారా ఆరోగ్య శాఖ పరిశీలన సంఘం అనుమతి కావాలి, సంస్థకు విదేశీ విరాళాల అనుమతీ ఉండాలి. దరఖాస్తు కాలంలో ఆ నెలలను కూడా కలుపుకోవాలి.

గ్రాంటు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. జాతీయ నమూనా సర్వేల మనిషి మనిషికీ సంబంధించిన ముడి గణాంకాలను, పేర్లు తీసేసి, కేంద్ర గణాంక శాఖ ఉచితంగా ఇస్తోంది. 2020–21 శ్రామిక సర్వేలో వలస ప్రశ్నలున్నాయి. 45 ఏళ్ళు పైబడిన 72 వేలమందితో 2017–18లో జరిగిన వృద్ధాప్య అధ్యయనం, లాసీ సర్వే గణాంకాలు కూడా పరిశోధకులకు అందుతాయి. సైనిక్‌పురి మూలమీది ఇంటి దంపతులు గుర్తున్నారుగా. పిల్లలు దూరంగా ఉన్న తల్లిదండ్రులు జబ్బు పడితే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తున్నారు, పిల్లలు పంపే డబ్బు ఆ లోటును ఎంతవరకు పూడుస్తోంది? లాసీ గణాంకాలతో ఈ ప్రశ్న మొదలుపెట్టి, ఆపైన ఈ కాలనీల్లోనే యాభై ఇళ్ళకు వెళ్ళి మాట్లాడి, అనుమతి తీసుకుని, ఏడాదికొకసారి అవే ఇళ్ళకు మళ్ళీ వెళ్తే అది మంచి ఎంఏ ప్రాజెక్టు. పీహెచ్‌డీ దరఖాస్తుకు అదే పునాది అవుతుంది. మళ్ళీ వెళ్తామని మొదటిరోజే చెప్పి, ఫోన్ నంబర్లు ఇద్దరివి రాసుకోవాలి, వాళ్ళదొకటీ వాళ్ళు ఎటు వెళ్ళారో చెప్పగల బంధువుదొకటీ. ఆ నంబర్లను జవాబుల కాగితానికి దూరంగా, వేరే తాళం కింద ఉంచాలి.

తరవాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. 2011 జనగణన వలస పట్టికల్లో చాలాభాగం 2019కి గానీ బయటకు రాలేదు. 2027వి ఎప్పుడొస్తాయోనని ఎదురుచూసేకంటే, ఆ లెక్కకు ముందే ఒక విడత సర్వే చేసిపెట్టుకున్న విశ్వవిద్యాలయ శాఖకు, పట్టికలు వచ్చిన రోజున పక్కన పెట్టి చూసుకోవడానికి సొంత గణాంకాలు ఉంటాయి. దరఖాస్తులు ఇప్పుడే రాయాలి.